ముసలిపెట్టకు మాట లేదు

సంస్కృతంలో ముసలి ఎద్దుకు ప్రత్యేకంగా ఒక పేరున్నది: జరద్గవము. అమరసింహుడు దూడకు, కోడెకు, ఆబోతుకు పేర్లిచ్చిన చేతితోనే కాడి మోయలేని వృద్ధోక్షానికీ ఒక పేరిచ్చాడు. హితోపదేశంలోని గ్రద్దకు పెట్టిన పేరు కూడ అదే. కళ్లు పోయి, గోళ్లు అరిగిన ఆ గ్రద్దకు చెట్టుమీది పక్షులన్నీ తమ తమ తిండిలోంచి కాస్త కాస్త పెట్టి పోషించేవట. ఆ కథ చివర ఏమయిందో చదివినవారికి తెలుసు. పిల్లి చేసిన పాపానికి, ఇన్నాళ్లూ తిండి పెట్టిన పక్షులే దాన్ని పొడిచి చంపాయి. మన పూర్వులు ఈ కథను మిత్రలాభంలో చేర్చారు, అపరిచితులను నమ్మరాదనే నీతికి. వయసుడిగిన జీవిని ఎన్నాళ్లు మేపాలి అనే ప్రశ్న కూడ అందులో దాగి ఉన్నదని నాకనిపిస్తుంది.

సరే, కోడికి వద్దాము. అమరంలో కోడికి నాలుగు పేర్లు: కృకవాకువు, తామ్రచూడము, కుక్కుటము, చరణాయుధము. గొంతెత్తి కూసేది, ఎర్రని జుట్టు కలది, కాలే ఆయుధమైనది. అన్నీ పుంజు పేర్లే. పెట్టకు కుక్కుటి అని స్త్రీలింగరూపం చేసుకోవడమే తప్ప, దాని స్వభావాన్ని చెప్పే పేరు ఒకటీ లేదు. తెలుగు నయము. పెట్ట అన్నాము, గుడ్లపెట్ట అన్నాము, పొదుగుపెట్ట అన్నాము. అయితే ముసలిపెట్టకు మాత్రం మన దగ్గరా మాట లేదు. ‘ముదురుకోడి’ అంటారు గాని అది వంటవారి మాట. ఉడకడానికి ఎంతసేపు పడుతుందో చెబుతుంది, అంతే.

పదం లేకపోవడానికి కారణం చరిత్రలో వెదకవచ్చునా అని ఈ మధ్య కొంత చదివాను. మనలో పెరటికోళ్లు పెంచుకునేవారు తక్కువే కావచ్చు. అయినా గుడ్డు మానేసిన పెట్టను ఏమి చేయాలి, మంచాన పడ్డ పెట్టను ఏమి చేయాలి అన్నవి కోళ్ల యజమానులకు మాత్రమే చెందిన ప్రశ్నలు కావు. కఠోపనిషత్తు మొదలయ్యేదే అక్కడ. వాజశ్రవసుడు యజ్ఞం చేసి ఆవులను దానమిస్తున్నాడు. తాగవలసిన నీళ్లు తాగేసి, మేయవలసిన గడ్డి మేసేసి, ఇవ్వవలసిన పాలు ఇచ్చేసి, ఇక ఈనలేని ఆవులు. చూస్తున్న పిల్లవాడు నచికేతుడికి మనసు కలుక్కుమన్నది. మరి నన్నెవరికిస్తావు అని మూడుసార్లు అడిగి, తండ్రిచేత మృత్యువుకిస్తాననిపించుకున్నాడు. తరువాతి తత్త్వచర్చ అందరికీ తెలిసినదే. కాని ఆ చర్చకు తలుపు తీసినవి వట్టిపోయిన ఆవులు. పనికిరానిదాన్ని ఇంకొకరి గడప దాటించి దానమని పేరు పెట్టుకోవడం కపటమని ఒక బాలుడికి తోచింది.

కోడి మనిషి ఇంటికి వచ్చినది మాంసం కోసమని మనం అనుకుంటాము. ఇటీవలి పరిశోధనలు అంత తేలికగా ఒప్పుకోవడం లేదు. 2022లో వెలువడిన అధ్యయనాల ప్రకారం, నిస్సందేహంగా పెంపుడుకోడి అని చెప్పదగిన ఎముకలలో మిక్కిలి పాతవి థాయిలాండు నడుమనున్న బాన్ నోన్ వాట్ అనే చోట దొరికాయి. కాలం క్రీ.పూ. 1650 – 1250 మధ్య. మెట్టవరి, చిరుధాన్యాలు పండించే పల్లెల చుట్టూ గింజలకు ఆశపడి అడవికోడి చేరిందని వారి ఊహ. అంటే మనం దాన్ని పట్టి తెచ్చుకోలేదు, అదే వచ్చింది. ఐరోపాకు అది చేరినది క్రీ.పూ. 800 ప్రాంతంలో. అక్కడి తొలికోళ్ల అస్థిపంజరాలు చాలావరకు ముక్కలు కాకుండా, కత్తిగాటు లేకుండా, విడివిడిగా పూడ్చిపెట్టి ఉన్నాయట. వాటిలో వయసు ముదిరినవి ఎక్కువట. జూలియస్ సీజరు బ్రిటనుమీదికి వెళ్లినప్పటి సంగతులు రాస్తూ, అక్కడివారు కుందేలును, కోడిని, పెద్దబాతును తినడం తప్పుగా భావిస్తారని, ముచ్చటకోసం పెంచుకుంటారని చెప్పాడు. కోడికాలి ఎముకను, కాలిముల్లును బట్టి వయసు కట్టే పద్ధతి ఒకటి 2021లో ప్రచురితమైంది. బ్రిటనులోని ఇనుపయుగపు, రోమను, సాక్సను కాలాల ఎముకలు 123 ఆ పద్ధతిలో పరీక్షిస్తే, సగానికి పైగా రెండేళ్లు దాటినవి, నాలుగో వంతు మూడేళ్లు దాటినవి. నేటి బ్రాయిలరుకోడి ఆరు వారాలకే కత్తికి ఎదురవుతుందని గుర్తుంచుకుంటే ఆ మూడేళ్ల విలువ తెలుస్తుంది.

మన శాస్త్రాలలోనూ దీనికి సమాంతరమైనదొకటి ఉన్నది. వ్యాకరణం చదివినవారికి మహాభాష్యం తొలి ఆహ్నికం గుర్తు ఉండే ఉంటుంది. తప్పుమాటలను ఏకరువు పెట్టాలా, ఒప్పుమాటలను చెబితే చాలునా అనే చర్చలో పతంజలి ఒక ఉదాహరణ ఇస్తాడు: ఊరకోడి తినరానిదని చెబితే, అడవికోడి తినవచ్చునని దానంతటదే తెలుస్తుంది గదా అని. వ్యాకరణపాఠంలో చాలాసార్లు చెప్పి కూడ నేను ఈ కోడిమీద ఎన్నడూ నిలవలేదు, అపశబ్దాలమీదికి సాగిపోయేవాడిని. మనుస్మృతి ఐదో అధ్యాయంలోనూ ద్విజులకు నిషిద్ధమైనవాటిలో ఉల్లి, వెల్లుల్లి, ఊరపందులతో పాటు ఊరకోడి చేరింది. వ్యాఖ్యాతలు దానికి శౌచాన్ని కారణంగా చెబుతారు. ఊరకోడి పెంటమీద ఏరుకుతింటుంది, నిజమే. కాని నిషేధానికి కారణం ఏదైనా, ఫలితం ఒకటి: మన గడపలో తిరిగే కోడికి, మన గడప ఎరుగని కోడికి మధ్య ఒక గీత ఏర్పడింది. ఆ గీత అందరికీ వర్తించలేదు. తిండికి కరవైనవాడికి ఊరకోడే మాంసం. వాడిని తప్పు పట్టే అధికారం స్మృతికారుడికీ లేదు, నాకూ లేదు.

తెలుగుదేశంలో కోడి చరిత్ర అంటే అందరూ పలనాడే చెబుతారు. బ్రహ్మనాయుడి చిట్టిమల్లు, నాయకురాలి సివంగిడేగ. రెండు పుంజుల పేర్లు ఎనిమిది శతాబ్దాలుగా వీరగాథలలో నిలిచి ఉన్నాయి. కుక్కుటశాస్త్రమని పుంజుల రంగులకు, వారాలకు, దిక్కులకు లెక్కలు కట్టిన గ్రంథాలున్నాయి. పెట్ట పేరు ఒక్కటీ చరిత్రకెక్కలేదు. ఇంటి ఆడవారి చేతి ఖర్చులకు గుడ్లు పెట్టినది, గంపకింద పిల్లలను పొదిగినది, పిల్లలమీదికి డేగ దిగితే రెక్కలు విప్పి ఎగిరి తన్నినది పెట్ట. దానికి జాతకం లేదు.

ఆ పెట్ట చివర ఎట్లా ఉండేది? మన పల్లెలలో అది ముసలిది అయ్యే అవకాశమే తక్కువ. పిల్లగా ఉన్నప్పుడు డేగ, కాకి, ముంగిస, అడవిపిల్లి, వేసవిలో కొక్కెరతెగులు. వీటన్నిటినీ దాటితే అమ్మవారి జాతర, లేదా అల్లుడి రాక. కొక్కెరతెగులు సోకిన ఊళ్లో రెండు మూడు రోజులలో గంపలన్నీ ఖాళీ అయ్యేవని పెద్దలు చెప్పగా విన్నాము. ఈ తెగులును శాస్త్రజ్ఞులు మొదట గుర్తించినది 1926లో, జావాలోను, ఇంగ్లండులోని న్యూకాసిల్ పట్టణంలోను. ఒకటి రెండేళ్లలోనే మన హిమాలయపు ఊరు రాణిఖేత్‌లో కనబడి, ఆ ఊరి పేరే దానికి స్థిరపడింది. ముక్తేశ్వరంలోని పశువైద్య పరిశోధనాలయంలో దీనికి టీకా తయారైనది 1940లలో. ఆ టీకా పల్లెకు చేరిన తరువాతనే పెరటికోడికి ముసలితనమనేది సామాన్యంగా సాధ్యమైంది. ముసలిపెట్టకు మాట ఎందుకు లేదన్న నా తొలిప్రశ్నకు ఇది ఒక సమాధానమేమో. ఎప్పుడో గాని ఎదురుపడనిదానికి పేరెవరు పెడతారు?

రెండో సమాధానం ఇంత సుఖమైనది కాదు.

అడవికోడి ఏడాదికి పెట్టే గుడ్లు సుమారు 10 – 15. పొదగడానికి, పిల్లలను సాకడానికి ఎన్ని కావాలో అన్నే. నాటుపెట్ట 60 – 80 పెడుతుంది. హైదరాబాదు రాజేంద్రనగరులోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటికోసమే రూపొందించిన వనరాజా జాతిపెట్ట వందకు పైగా. ఫారాలలోని సంకరజాతి పెట్ట 300 దాటి పెడుతుంది. తెలుగువారు ఈ పరిశ్రమలో వెనుకబడినవారు కారు. బండా వాసుదేవరావుగారు 1971లో వెంకటేశ్వరా హేచరీస్ స్థాపించడం, 1982లో గుడ్డు ధరలకోసం జాతీయ సమన్వయ సంఘం ఏర్పడడం, ఇవన్నీ గుడ్డును పేదవాడి పళ్లెంలోకి తెచ్చిన సంగతులు. మధ్యాహ్నభోజనంలో గుడ్డు పెట్టిన రోజు బడికి వచ్చే పిల్లల సంఖ్య ఎట్లా పెరుగుతుందో నేను కళ్లారా చూచినవాడిని. గుడ్డును నిందించే పని పెట్టుకోలేదు.

కాని లెక్కకు రెండో వైపు ఉన్నది. ఫారంపెట్ట ఆయుర్దాయం గుడ్డు ధరను, మేత ధరను బట్టి నిర్ణయమవుతుంది. సుమారు ఏడాదిన్నర, కొత్త జాతులలో రెండేళ్ల లోపు. ఆ తరువాత లారీ ఎక్కి, బజారులో లేయరుకోడి అనే పేరుతో తక్కువ ధరకు పోతుంది. అది ఆ ఏడాదిన్నర బ్రతికిన పంజరంలో దానికి దక్కిన చోటు ఎ4 కాగితమంత కూడ ఉండదు. ఈ సంగతినే 2017లో కేంద్ర న్యాయసంఘం తన 269వ నివేదికలో చర్చించింది. వాజశ్రవసుడి ఆవులే ఇవి, పెద్ద ఎత్తున.

అసలు బాధ ఇంకా లోతున ఉన్నది. ఒకవేళ ఎవరైనా దయతలచి అటువంటి పెట్టను తెచ్చి పెరట్లో వదిలినా, అది సుఖంగా ముసలిది కాలేదు. ఏటా వందలకొద్దీ గుడ్లు తయారుచేసిన అండకోశం అలసి, సొన దారి తప్పి కడుపులో పడుతుంది. అక్కడ చీము పడుతుంది. పొట్ట నీటికుండలా దిగజారుతుంది. పెట్ట నిలువుగా, పెంగ్విను పక్షిలాగ నడవడం మొదలుపెడుతుంది. అండకోశపు పుట్టకురుపు కోళ్లలో ఎంత తరచు వస్తుందంటే, స్త్రీలకు వచ్చే ఆ వ్యాధిని అర్థం చేసుకోవడానికి పరిశోధకులు కోడినే నమూనాగా ఎంచుకుంటున్నారు. ఇవి అడవికోడికి దైవమిచ్చిన రోగాలు కావు. గుడ్డు మీద గుడ్డు ఎంచుకుంటూ మనం తరతరాలుగా దాని ఒంట్లో పెంచినవి. పెట్ట ముసలితనం మన చేతిపని. అందుకనే దాని చివరిరోజులు మన బాధ్యతల లెక్కలోకి వస్తాయని నా అభిప్రాయం. ‘ప్రకృతి చూసుకుంటుంది’ అని తప్పుకోవడానికి ఇక్కడ వీలు లేదు.

ఈ బాధ్యతను భారతదేశం ఎట్లా అర్థం చేసుకున్నది? రెండు దారులు కనబడుతున్నాయి, రెండూ అహింస పేరు మీదనే.

మొదటి దారికి మొదటి మైలురాయి మన కర్నూలు జిల్లాలోనే ఉన్నది. గుత్తికి సమీపాన ఎర్రగుడి గుట్టమీద అశోకుడి శిలాశాసనాలు పధ్నాలుగూ ఉన్నాయి. మొదటి శాసనంలో ఆయన తన వంటశాల సంగతే చెప్పుకున్నాడు. ఒకప్పుడు అక్కడ కూరకోసం లక్షల ప్రాణులు పోయేవట. ఇప్పుడు రెండు నెమళ్లు, ఒక లేడి, ఆ లేడి కూడ నిత్యం కాదు, ముందుముందు ఆ మూడూ ఉండవు అని. రెండో శాసనంలో మనుషులకు, పశువులకు రెండు విధాల చికిత్స ఏర్పాటు చేయించానని, మందుచెట్లు లేనిచోట తెప్పించి నాటించానని ఉన్నది. తెలుగునేలపై రాతిమీద చెక్కిన తొలి పశువైద్యపు మాట ఇదే. పట్టాభిషేకమైన ఇరవయ్యారో ఏటి స్తంభశాసనం (అది మన ప్రాంతంలో లేదు) చంపరాని జీవుల పట్టిక ఇచ్చి, కోడిపుంజుకు వృషణాలు తీయరాదని ప్రత్యేకంగా ఆజ్ఞాపించింది. సామ్రాజ్యాధినేత ఒక పుంజు కోసం ఒక వాక్యం ఖర్చుపెట్టాడు. పిల్లతల్లులైన మేకలు, గొర్రెలు, పందులు కూడ అందులో ఉన్నాయి. వట్టిపోయిన పెట్ట ప్రస్తావన మాత్రం అక్కడా లేదు.

ఆ ప్రస్తావన పదహారో శతాబ్దంలో ఒక పరదేశి రాతలో దొరికింది. రాల్ఫ్ ఫిచ్ అనే ఇంగ్లీషు వర్తకుడు 1580లలో మన దేశమంతా తిరిగాడు. బెంగాలుకు ఉత్తరాన ఉన్న కూచ్ రాజ్యంలో గొర్రెలకు, మేకలకు, కుక్కలకు, పిల్లులకు, పక్షులకు ఆసుపత్రులున్నాయని, ముసలివై కుంటివైన వాటిని చచ్చిపోయేదాకా ఉంచుకుంటారని రాశాడు. చచ్చిపోయేదాకా! ఆయనకది వింతగా తోచింది, అందుకే రాశాడు.

గుజరాతులోని ఖంబాతులో 1623లో పియేత్రో దెల్లా వాలే అనే ఇటలీ యాత్రికుడు పక్షుల ఆసుపత్రిని లోపలికి వెళ్లి చూచాడు. నాకు ఆయన వర్ణన చాల ఇష్టం. రోగం వచ్చినవి, కుంటివి, జోడు కోల్పోయినవి అన్నీ ఆ చిన్నఇంట్లో ఉన్నాయి: పుంజులు, పెట్టలు, పావురాలు, నెమళ్లు, బాతులు. నయమైన అడవిపక్షిని ఎగరనిస్తారు. పెంపుడుపక్షి అయితే ఎవరైనా పుణ్యాత్ముడికి అప్పగిస్తారు, ఆయన ఇంట్లో ఉంచుకుంటాడు. అన్నిటికంటె వింతగా ఆయన చూచినది, కళ్లజోడు పెట్టుకున్న ఒక తెల్లగడ్డపు ముసలాయన తల్లిలేని ఎలుకపిల్లలను దూదిలో పడుకోబెట్టి, పక్షి ఈకతో పాలచుక్కలు పట్టడం. మన వాజశ్రవసుడు ఆవులనిచ్చిన తీరుకు, ఖంబాతువారు కోడినిచ్చిన తీరుకు మధ్య తేడా చూడండి. పుచ్చుకునేవాడు దాన్ని చివరిదాకా ఉంచుకుంటాడని తెలిసి ఇవ్వడం ఒకటి, వదిలించుకోవడం ఒకటి.

గుజరాతులోని పింజరాపోళ్లు, ఢిల్లీలో ఎర్రకోటకెదురుగా లాల్‌మందిరం ఆవరణలోని జైనుల పక్షివైద్యశాల, ఈ దారిలోనివే. ఢిల్లీ వైద్యశాలలో శాకాహార పక్షులకే పడక. డేగ, గ్రద్ద వస్తే వైద్యం చేసి పంపుతారు. ఈ దారి సూత్రం ఒకటే: ప్రాణం పోయలేనివాడు ప్రాణం తీయరాదు. మేపు, కట్టుకట్టు, కనిపెట్టుకుని ఉండు. పోయేది దానంతటది పోనీ.

ఐరోపాలోనూ కోడితో చివరిదాకా కాపురమున్నవారు అక్కడక్కడ ఉన్నారు. బొలోన్యాలో ఉల్లిస్సె ఆల్ద్రొవాందీ అనే ప్రకృతిశాస్త్రజ్ఞుడు 1600లో అచ్చయిన తన పక్షిశాస్త్రసంపుటంలో, కోళ్ల గురించి వందల పుటలు రాసి, తన ఇంట్లోని ఒక పెట్టను గురించి కూడ చెప్పుకున్నాడు. అది తక్కిన కోళ్లతో కలవక ఇంట్లో ఒంటిగా తిరిగేదట. రాత్రి ఆయన దగ్గర, ఆయన పుస్తకాల మధ్య తప్ప పడుకునేది కాదట. పుస్తకాల మీద రెట్ట వేసేదా అన్నది ఆయన రాయలేదు.

రెండో దారి తెరిచినవాడు గాంధీజీ. దానికి ఆయన చెల్లించిన మూల్యమూ తక్కువది కాదు.

1926లో అహమ్మదాబాదులో ఒక మిల్లు యజమాని తన ఆవరణలో చేరిన 60 వీధికుక్కలను చంపించాడు. జీవదయాపరులు మండిపడ్డారు. గాంధీజీ ఆ యజమానిని సమర్థించి, ‘యంగ్ ఇండియా’లో వ్యాసపరంపర రాశాడు. అది సమాజరక్షణ కోసం చేసిన వధ. చర్చ అక్కడితో ఆగలేదు. 1928లో సబర్మతీ ఆశ్రమంలో ఒక దూడ అవిటిదై, పుండ్లుపడి, ప్రక్కకు కూడ తిరగలేక యాతన పడుతున్నది. వైద్యుడు ఆశ వదులుకొమ్మన్నాడు. గాంధీజీ ఆశ్రమవాసులతోను, ఇరుగుపొరుగులతోను ఆలోచించాడు. ప్రాణం ఇవ్వలేని మనకు ప్రాణం తీసే హక్కెక్కడిదని ఒక మిత్రుడు అడ్డు చెప్పాడు. స్వార్థం కోసం తీసేటప్పుడు ఆ మాట సరిపోతుంది గాని ఇక్కడ కాదని గాంధీజీ నిశ్చయించాడు. ఆయన ఎదుటనే వైద్యుడు విషపుసూది వేశాడు. రెండు నిమిషాల లోపు అంతా ముగిసింది.

ఆ సంగతిని ఆయన దాచిపెట్టలేదు. 1928 సెప్టెంబరు 30 ‘నవజీవన్’లోను, అక్టోబరు 4 ‘యంగ్ ఇండియా’లోను తానే ప్రకటించాడు. వ్యాసానికి అగ్నిపరీక్ష అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. దేశం నలుమూలలనుండి కోపంతో ఉత్తరాలు వచ్చిపడ్డాయి. అహమ్మదాబాదు పింజరాపోళ్ల ఊరని గుర్తుంచుకోవాలి. ఖంబాతు ఆసుపత్రిని నడిపినవారి వారసుల మధ్య కూర్చుని, చంపడం కూడ అహింస కావచ్చునని ఆయన అన్నాడు. మరి మనుషుల మాటేమిటని అడిగినవారికీ సూటిగా జవాబు చెప్పాడు: సూత్రం ఒకటే, కాని మనిషికి సేవచేసే మార్గం ఏదో ఒకటి సాధారణంగా మిగిలే ఉంటుంది, దూడ విషయంలో అది మిగలలేదు అని.

ఆ వ్యాసంలో మనకు పనికివచ్చేది తీర్పు కాదు, పరీక్ష. బాధ తీరే మార్గం ఇంకేమైనా ఉన్నదా? చేసేది దానికోసమా, నాకోసమా? అదే వ్యాసంలో ఆయన పంటలు పాడుచేస్తున్న కోతుల సంగతీ ఎత్తి, వాటిని చంపవలసి వస్తే అది హింసే అవుతుందని, అది మన లాభం కోసం గనుక అని వేరుచేసి చెప్పాడు. దూడను, కోతిని ఒకే వ్యాసంలో పక్కపక్కన పెట్టడం ఆయన నిజాయితీ.

స్వతంత్రం వచ్చాక ఈ విషయాన్ని పార్లమెంటులో ఎత్తినవారు కళాక్షేత్రం రుక్మిణీదేవి అరుండేల్. రాజ్యసభలో ఆమె సొంతంగా బిల్లు పెట్టగా, ప్రభుత్వమే చట్టం తెస్తుందని నెహ్రూ హామీ ఇచ్చాడు, ఆమె ఉపసంహరించుకున్నారు. ఆ హామీ 1960లో జంతుహింస నిరోధక చట్టంగా వచ్చింది. 1962లో ఏర్పడిన జంతుసంక్షేమ మండలికి ఆమే తొలి అధ్యక్షురాలు. బ్రతికించి ఉంచడమే క్రూరమయ్యేంత గాయపడిన, రోగం పట్టిన జంతువును పశువైద్యాధికారి ధ్రువీకరణతో ముగించే వీలు ఆ చట్టం పదమూడో సెక్షనులో ఉన్నది. గాంధీజీ దూడ మూడు దశాబ్దాలకు శాసనానికెక్కిందని నేను అనుకుంటాను.

ఇంత చదవడానికి ప్రేరణ మా పెరట్లోనే ఉన్నది. ఎనిమిదేళ్ల పెట్ట ఒకటి. గుడ్డు మానేసి మూడేళ్లయింది. మా పొరుగాయన గోడమీదుగా, “ఏం మాస్టారూ, గుడ్డు పెట్టనిదానికి గింజలెందుకండీ? ఆదివారానికి ఇచ్చెయ్యండి, మా అబ్బాయి కోసిపెడతాడు” అంటారు. ఆయన దుర్మార్గుడు కాడు. తన కోళ్లకు టీకాలు వేయించేది, రాత్రి రెండుసార్లు లేచి గూడు చూచుకునేది ఆయనే. ఆయన దృష్టిలో కోడి బ్రతుకు గుడ్డుతో మొదలై కూరతో ముగుస్తుంది, మధ్యలో బాధ ఉండరాదు. ఆ మాటకు వస్తే అది ఫారం కంటె ఎంతో మేలైన జీవితం. “పెట్టినన్నాళ్లు పెట్టింది కదండీ, పింఛను ఇస్తున్నాను” అంటాను. నేను కూడ పాఠం చెప్పకుండా పింఛను పుచ్చుకుంటున్నవాడినే కదా!

పింఛను అంటే ఏమంత ఖర్చు కాదు. ముసలిపెట్టకు గుడ్లకోళ్ల మేత పెట్టరాదు. అందులో గుడ్డుపెంకు కోసం కలిపే సున్నం, గుడ్డు పెట్టనిదాని మూత్రపిండాలను పాడుచేస్తుంది. నూకలు, జొన్నలు, తడిపిన తవుడు, తరిగిన మునగాకు చాలు. ఎత్తున కూర్చునే అలవాటు మాన్పించడం కష్టం గనుక దండెమే క్రిందికి దించాలి, జానెడెత్తుకు. దూకి దూకి అరికాలు పుండయితే అది ఎముకదాకా పోతుంది. కాళ్లపొలుసులు పైకి లేచి కనబడితే లోపల పురుగులు చేరినట్లు. కొబ్బరినూనె కొన్నాళ్లు రాస్తే ఊపిరాడక చస్తాయి. వయసులో ఉన్న కోళ్లు ముసలిదాన్ని మేతదగ్గర పొడుస్తాయి గనుక దానికి వేరుగా పెట్టాలి. ఇట్లా చూచుకుంటే కోడి ఎంతకాలం ఉంటుందో మనకు ఊహకందదు. అమెరికాలో మటిల్డా అనే పెట్ట 2006లో పోయేనాటికి దానికి 16 ఏళ్లు. పీనట్ అనే చిన్నజాతి పెట్ట 2023లో, 21 ఏళ్లు నిండాక పోయింది. అవి అరుదైనవే, అయినా మన ‘ముదురుకోడి’ అనే మాట ఎంత తొందరపాటుదో చెబుతాయి.

చిక్కంతా చివరి వారాలది. ఈ నెలలో మా పెట్ట పొట్ట దిగింది. పశువైద్యురాలు సూదితో నీరు తీసింది, రెండు వారాలకు మళ్లీ నిండింది. పుట్టకురుపే కావచ్చునన్నది. మా ఆవిడ ఖంబాతు పక్షం. “అది మూలుగుతూ ఉన్నదా? మనల్ని ఏమైనా అడిగిందా? దాని టైము దానికి తెలుసు” అంటుంది. ఆ మాటలో బలమున్నది. కోడి తన బాధను దాచుకునే ప్రాణి. గుంపులో నీరసం కనబడితే తక్కినవి పొడుస్తాయి గనుక చివరిదాకా నిలబడే ఉంటుంది. అందుకనే అది మూలగడంలేదు గనుక బాధ లేదనడం కూడ సరి కాదని నా వాదం. రోజూ మూడు చూడమని వైద్యురాలు చెప్పింది: తనంతట తాను మేతదగ్గరికి వస్తున్నదా, ఎండలో రెక్క చాచి మట్టిస్నానం చేస్తున్నదా, ముక్కుతో ఈకలు దువ్వుకుంటున్నదా. మూడూ ఉంటే ఉండనివ్వండి. మూడూ పోతే ఆలస్యం చేయకండి. ఇప్పటికి మట్టిస్నానం పోయింది. తక్కిన రెండూ ఉన్నాయి.

గాంధీజీ పరీక్షను నాకు అన్వయించుకుంటే, నన్ను ఇబ్బందిపెట్టేది రెండో ప్రశ్న. పొద్దున్నే గూడు తెరిచి దాన్ని ఆ స్థితిలో చూడడం నాకు బాధగా ఉన్నది. ఆ బాధను తీర్చుకోవడానికి సూది వేయిస్తే అది దూడ కథ కాదు, కోతి కథ అవుతుంది. మా ఆవిడ ప్రశ్న కూడ దాదాపు ఇదే, వేరే మాటలలో. అందువల్ల ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాము. మేతకు రావడం మానిన రోజు వైద్యురాలికి ఫోను చేసేది ఆవిడ, నేను కాదు.

పెంచుకునేవారికి ఒక్క మాట. చివరికి ఆ నిర్ణయానికే రావలసి వస్తే, మందుసూది వేయించిన కోడిని వండరాదు, బయట పారవేయనూ రాదు. ఆ మందు కళేబరంలో చాలాకాలం ఉంటుంది. తవ్వి తిన్న కుక్క, వాలిన గ్రద్ద కూడ చస్తాయి. బావికి దూరంగా, మూడడుగులకు తక్కువ కాకుండా గొయ్యి తీసి, పైన రాళ్లు పరిచి పూడ్చాలి. సూది దొరకని పల్లెలలో, పశువైద్య సహాయకులలో చేయి తిరిగినవారు మెడను ఒక్క క్షణంలో విడదీస్తారు. చేతకానివారు ప్రయత్నించరాదు. తిండి మాన్పించి ఎండగట్టడం, నీళ్లలో ముంచడం ఎవరు చెప్పినా వినకండి.